చదివిన తర్వాతే సంతకం

"షబీనా, మీ అబ్బాని అన్నానికి రమ్మను."

సైఫుల్లా నాలుగడుగుల దూరంలోనే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మాట చక్కగా వినబడింది. అయినా కదల్లేదు.

"షబీనా, నాకు ఆకలిగా లేదని మీ అమ్మీకి చెప్పు."

ఆరో తరగతి చదివే షబీనా లెక్కల నోటుబుక్కులోంచి తలెత్తి అటొకసారి, ఇటొకసారి చూసింది. రెండు రోజులుగా ఆ పిల్లకు ఇదే ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు.

"ఇద్దరికీ వినబడింది గదా! మధ్యలో నేనెందుకు?"

"అట్ట అడుగు," అని మంచం మీదినుంచి షాజాదీ బేగం అందుకుంది. సైఫుల్లా తల్లి ఆమె. కుడి కంటికి ఆపరేషన్ అయి పది రోజులైంది. నల్లద్దాలు పెట్టుకుని పడుకుని ఉంది. కంటికి విశ్రాంతి ఇమ్మన్నాడు గానీ నోటికి ఇమ్మని డాక్టరు చెప్పలేదు. "మీ ఇద్దరి మధ్య కబుర్లు మొయ్యడానికా దాన్ని కన్నది?"

నవ్వాల్సిన మాటే. ఎవరూ నవ్వలేదు.

అందరి చూపూ తిరిగి తిరిగి కుట్టుమిషను మీదికే పోతోంది. దాని మీద ఎర్ర బైండు తీర్మానాల పుస్తకం ఉంది. మొన్న మధ్యాహ్నం బడికి వెళ్ళినప్పుడు హెడ్మాస్టరు జీవానందం గారి బల్ల మీద కనబడితే షబీనా తల్లి సాహిరా ఊరికే తిరగేసింది. తిరగేసినదల్లా అక్కడే నిలబడిపోయింది. తర్వాత పుస్తకాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేసింది. మొగలిదిబ్బ బడి తల్లిదండ్రుల కమిటీకి ఆమే చైర్మన్. పుస్తకం ఇవ్వనని హెడ్మాస్టరు అనలేకపోయాడు.

పన్నెండో తేదీ, సోమవారం, ఉదయం పదకొండు గంటలకు కమిటీ సమావేశమైందట. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను ఐదు కిలోమీటర్ల అవతల ఉన్న హైస్కూలులో కలిపేయడానికి ఏకగ్రీవంగా ఒప్పుకుందట. కింద సంతకాలు. అన్నిటికన్నా పైన చైర్మన్ సాహిరా సంతకం.

ఆ సంతకం పక్కన బొటనవేలంత గ్రీజు మరక.

ఈ ఊళ్ళో కాగితం మీద గ్రీజు మరక పడిందంటే అది ఎవరి చేతిదో కనుక్కోవడానికి పోలీసులు అక్కర్లేదు. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లను బాగుచేసే షెడ్డు ఒక్కటే ఉంది. అది సైఫుల్లాది.

"నేనేమన్నా దొంగతనం చేసినానా?" సైఫుల్లా ఉన్నట్టుండి నేరుగా భార్యతోనే అన్నాడు. రెండు రోజుల్లో అదే మొదటి మాట. "మోటారు విప్పి పెట్టుకోనుండా. గుంటలో ఏరియేటరు ఆగిపోయిందని రైతు నా నెత్తిన కూర్చోనుండాడు. సారు పంపించిన మనిషి పుస్తకం తెచ్చి 'చైర్మన్ గారూ, సంతకం' అన్నాడు. పెట్టేసినా. ఎప్పుడూ పెట్టేదే గదా!"

సాహిరా చేతిలోని గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ఎప్పుడూనా?"

సైఫుల్లా నాలుక కరుచుకున్నాడు.

ఆమె పుస్తకం తెచ్చి దీపం కింద పేజీలు తిప్పింది. కమిటీ ఏర్పడి ఏడాదిన్నర. ఏడు సమావేశాలు రాసి ఉన్నాయి. ఆమె వెళ్ళినవి రెండు. మిగతా అయిదింటిలో కూడా ఆమె సంతకం ఉంది, ఎక్కడో ఒకచోట నల్లగా వేలిముద్రా ఉంది.

"ఇది ఫ్యాన్లకి. ఇది నీళ్ళ ట్యాంకుకి. ఇది ప్రహరీకి," సైఫుల్లా దగ్గరకొచ్చి చూపించబోయాడు. "అన్నీ మంచివే గదా సాహిరా! నువ్వు మిషను దగ్గర పనిలో ఉంటావని, మళ్ళీ నిన్ను లేపడం ఎందుకని..."

"మంచివాటికి అలవాటైన చెయ్యి దీనికి కూడా అలవాటైపోయింది. ఏం రాసుందో చదివినారా?"

"పైన ఏమీ రాసి లేదు. ఖాళీ పేజీ."

"ఖాళీ పేజీ మీద నా పేరు పెట్టినారు." సాహిరా గొంతు పెరగలేదు. అందుకే సైఫుల్లాకు భయం వేసింది. "ఎవుడన్నా వచ్చి ఖాళీ కాగితం మీద మీ షెడ్డు పేరు రాసిపెట్టమంటే పెడతారా?"

నిజానికి ఈ ఏడాదిన్నరగా సైఫుల్లాకు ఆ పిలుపు తీపిగా ఉంది. టీ కొట్టు దగ్గర, మసీదు మెట్ల మీద, గుంటల గట్ల మీద అందరూ "చైర్మన్ గారూ" అంటారు. సాహిరాని అనరు, అతన్ని అంటారు. ఈ ఊళ్ళో ఆడమనిషికి పదవి వస్తే పిలుపు మొగుడికి పోతుంది. అది తప్పని అతనికే కాదు, ఎవరికీ ఇంతవరకు తోచలేదు.

"రేపు సాయంత్రం మీటింగు పెట్టినా," సాహిరా అంది.

"పెట్టి?"

"ముందు పోయిన తీర్మానం చదువుతా. పొదుపు సంఘంలో మేము చేసేది అదే. ఆ రోజు ఎవరెవరు వచ్చినారో అడుగుతా."

"అంటే ఊరందరి ముందర నన్ను నిలబెడతావు."

"మీ పేరు నేను ఎత్తను. నా పేరు దగ్గరికి వచ్చినప్పుడు, ఆ రోజు నేను లేనని మాత్రం చెప్తా. అది చెప్పకుండా ఉండలేను."

"మొగుడి పరువు తీసేదాన్ని మీటింగు అంటారా ఎవురన్నా?" షాజాదీ బేగం లేచి కూర్చుంది. "నాలుగు గోడల మధ్య తిట్టుకో, కొట్టుకో. వీధిలోకి తీసుకుపోబాక."

"అత్తమ్మా, పన్నెండో తేదీ పొద్దున పదకొండు గంటలకు నేను యాడ ఉండాను?"

ముసలావిడ చెయ్యి నల్లద్దాల మీదికి పోయింది. ఆ పొద్దున నెల్లూరు కంటాసుపత్రిలో తన తల ఒళ్ళో పెట్టుకుని కంట్లో చుక్కలు వేయించింది ఈ కోడలే.

"నేను మీ దగ్గర ఉండా. పుస్తకంలో మాత్రం బడిలో ఉండా, నా బిడ్డని బడి మానిపించడానికి ఒప్పుకుంటా ఉండా."

షబీనా పెన్సిలు కింద పెట్టేసింది. "నేను బడి మానేస్తానా అమ్మీ?"

ఆ రాత్రి అన్నం గిన్నె మూత తీయకుండానే ఉండిపోయింది.

• • •

పొద్దున్నే సాహిరా బడికి వెళ్ళింది. పక్కన కమిటీలో ఇంకో సభ్యురాలు కరుణాకుమారి. ఇద్దరూ వెన్నెల పొదుపు సంఘంలో పదకొండేళ్ళుగా లీడర్లు. కరుణాకుమారి రొయ్యల ప్లాంటులో తెల్లవారుజాము షిఫ్టు చేసి అప్పుడే వచ్చింది. చేతులు ఇంకా ఐసు నీళ్ళకు ముడతలు పడే ఉన్నాయి.

జీవానందం గారు చెడ్డ మనిషి కాదు. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఏ పిల్లవాడినీ బెత్తంతో కొట్టలేదు. పై నుంచి ఫోనొస్తే మాత్రం కాళ్ళూ చేతులూ ఆడవు. రేపు పది గంటలకల్లా ఆ తీర్మానం కాపీ మండలం ఆఫీసులో ఉండాలని ఆయనకు ఫోనొచ్చింది.

"సాయంత్రం అయిదుంబావుకి మీటింగు ఏందమ్మా? ఆఫీసు టైము దాటిపోతుంది. మనకి పదకొండు గంటలే అలవాటు."

"సార్, పదకొండు గంటలకు ఈ ఊళ్ళో ఇళ్ళల్లో ఎవురుంటారు?" సాహిరా అడిగింది. "మగవాళ్ళు గుంటల కాడ, ఏట్లో. ఆడవాళ్ళు ప్లాంటులో. ఉండేది కోళ్ళు, ముసలోళ్ళు."

"అందుకే గదమ్మా, పుస్తకాన్నే ఇళ్ళకి పంపించేది," అన్నాడాయన.

అన్న మాట తన చెవినే పడింది కాబోలు, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"తప్పేనమ్మా," అన్నాడు కాసేపటికి. "అలవాటులో పడి కొట్టుకుపోయినా. కానీ పాత తీర్మానం రద్దు చెయ్యాలంటే పదిహేను మంది సభ్యుల్లో ఎనిమిది మంది వచ్చి కూర్చోవాల. వాళ్ళే సంతకాలు పెట్టాల. ఎనిమిది మంది వస్తారంటావా? ఈ బడిలో ఎనిమిది మంది ఒకేసారి కూర్చోగా నేను చూడలేదు."

"టైము మార్చి చూడండి సార్," కరుణాకుమారి అంది. "మా సంఘంలో పదకొండేళ్ళుగా ఒక్క మీటింగు తప్పలా. ఎందుకో తెలుసునా? అందరికీ కుదిరే టైములో పెడతాం, చెప్పిన టైముకి లేస్తాం."

"లేచేది ఎప్పుడు?"

"పొద్దుగూకి మసీదులో మగ్రిబ్ అజా వినబడేసరికి," సాహిరా అంది. "వంటలు చేసుకోవాల గదా."

• • •

సాయంత్రం అయిదుంబావు.

వరండాలో ఎప్పుడూ ఉండే బల్ల లేదు, దాని మీద గుడ్డ లేదు, వరసగా కుర్చీలు లేవు. చాపలు గుండ్రంగా పరిచి ఉన్నాయి. సంఘంలో ఇలాగే కూర్చుంటారు. గుండ్రంగా కూర్చుంటే వెనక వరస ఉండదు, వెనక వరస లేకపోతే గుసగుసలు ఉండవు. ఇది ఎవరో వచ్చి నేర్పించిన పాఠం కాదు. పదకొండేళ్ళు పోట్లాడుకుని, అలిగి, మళ్ళీ కూడి నేర్చుకున్నది.

ఊరి పెద్దల్లో ఒకడైన నరేంద్రబాబు భుజం మీద కండువా సర్దుకుంటూ వచ్చి చుట్టూ చూశాడు.

"మైకు యాడమ్మా?"

"ఇంతమందికి మైకెందుకన్నా? కూర్చోండి."

"కుర్చీ?"

"చాప ఉండాది."

నరేంద్రబాబు మోకాలు పట్టుకుని మెల్లగా కూలబడ్డాడు. ఇంతకుముందు ఆయన మాట్లాడటం మొదలుపెడితే తాను వేయించిన సిమెంటు రోడ్డు దగ్గర బయలుదేరి, పిల్లలు నిద్రపోయాక ముగించేవాడు.

సాహిరా లెక్కపెట్టింది. సభ్యులు ఏడుగురు. వస్తానన్నవాళ్ళలో ఎనిమిదో మనిషి చెంగమ్మ. ప్లాంటు వ్యాను అయిదున్నరకి వస్తుంది, అందులో దిగాలి. చెంగమ్మ మొగుడు చిన్నపోలయ్య అప్పటికే వచ్చి, తక్కిన మగవాళ్ళతో గోడవార కూర్చుని ఉన్నాడు. షాజాదీ బేగం మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పలేదు.

సైఫుల్లా రాలేదు.

కాదు, వచ్చాడు. గేటు దగ్గర బండి స్టాండు వేసి, దాని పక్కనే నిలబడ్డాడు.

"చైర్మన్ గారూ, లోపలికి రాండి!" గోడవారనుంచి ఎవరో కేకేశారు.

సైఫుల్లా కదల్లేదు. సాహిరా అటు చూడలేదు. పుస్తకం తెరిచింది.

"అందరికీ నమస్కారం, సలాం. ఈ రోజు మాట్లాడేది ఒకటే సంగతి. మన పిల్లల మూడు తరగతులు ఇక్కడ ఉండాల్నా, పోవాల్నా. అజా వినబడేసరికి లేచిపోతాం. గుండ్రంగా ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాల. మాట్లాడేవాళ్ళు ముందు పేరు చెప్పాల, రాసుకోవాల గదా. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు అడ్డం రాబాకండి. ముందు పోయిన తీర్మానం చదువుతా."

చదివింది. తేదీ చదివింది, టైము చదివింది. ఏకగ్రీవంగా అన్న దగ్గర ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంది. చాపల మీద కదలిక మొదలైంది.

"ఇదెప్పుడు ఒప్పుకున్నాం?" షారన్ అనే అమ్మాయి గట్టిగానే అనేసింది. ఆమె కొడుకు ఏడో తరగతి. "నాకు యూనిఫారాల కోసం అని చెప్పినారు!"

"నాకు ఏమీ చెప్పలా. పెట్టమన్నారు, పెట్టినా," ఇంకొకామె.

"వంతు వచ్చినప్పుడు చెప్దురు గానీ," సాహిరా అంది. "హాజరైన సభ్యులు. ఒకటి, సాహిరా, చైర్మన్. సంతకం ఉండాది." ఆమె చూపుడు వేలు ఆ నల్లటి మరక పక్కన ఆగింది. "ఆ రోజు ఆ టైముకి నేను ఈ ఊళ్ళో లేను."

"మరి ఆ సంతకం ఎవురిదమ్మా?" నరేంద్రబాబు అడిగాడు. అడగాల్సిన మాటే అడిగాడు. అయినా అక్కడున్న సగం మందికి జవాబు తెలుసు. మరక ఎదురుగా కనబడుతూనే ఉంది.

మొగుడి పేరు ఎత్తనని సాహిరా మాట ఇచ్చింది. అబద్ధం చెప్పడం చేతకాదు. తల దించుకుని పేజీ వైపే చూస్తూ కూర్చుంది.

"నాది."

అందరూ గేటు వైపు తిరిగారు. సైఫుల్లా చెప్పులు విడిచి వరండా ఎక్కుతున్నాడు. గుండ్రానికి అవతల నిలబడి రెండు చేతులూ ముందుకు చాపాడు. ఎంత సబ్బు పెట్టినా పోని నలుపు గోళ్ళ సందుల్లో ఉంది.

"ఆ సంతకం నాది. ఆ మరక కూడా నాదే. పైన ఏం రాస్తారో అడగలా. ఆమెకి చెప్పనూలేదు."

సాహిరా తల ఎత్తింది. కళ్ళలో నీళ్ళు నిలిచాయి గానీ మాట మాత్రం నిలబడింది.

"మాట్లాడేవాళ్ళు పేరు చెప్పాల."

గోడవార ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నారు. షాజాదీ బేగం నల్లద్దాలు పైకెత్తి చూసింది.

సైఫుల్లా ఒక్క క్షణం భార్యనే చూశాడు. ఆమె పరాచికానికి అనలేదు. పెన్ను పట్టుకుని రాయడానికి సిద్ధంగా ఉంది.

"షేక్ సైఫుల్లా," అన్నాడు. తర్వాత, ఎవరూ అడగకపోయినా, అన్నాడు: "సాహిరా భర్తని."

ఈ ఊళ్ళో సైఫుల్లా భార్య అంటే అందరికీ తెలుసు. సాహిరా భర్త అన్న మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. కరుణాకుమారి చటుక్కున కొంగుతో ముఖం తుడుచుకుంది. షబీనా మాత్రం తండ్రిని చూస్తూ మెట్ల మీద లేచి నిలబడింది, బడిలో ఎవరికో బహుమతి ఇస్తున్నప్పుడు నిలబడినట్టు.

సాహిరా రాసింది. రాసినది చదివి వినిపించింది. "షేక్ సైఫుల్లా గారు, తమ భార్య తరఫున తామే సంతకం చేసినట్టు సభ ముందు ఒప్పుకున్నారు."

"పేరు పెట్టి పిలిచిందే!" షాజాదీ బేగం మనవరాలి చెవిలో అన్నది ఊరంతా విన్నది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆ పేరు సాహిరా నోట రావడం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఆగలేదు. గోడవారనుంచి ఒక్కొక్కరే లేచారు. యూనిఫారాలకని చెప్పి పెట్టించింది తనేనని షారన్ మొగుడు లేచాడు. చిన్నపోలయ్య లేచి, "చెంగమ్మది నేనే పెట్టినా," అన్నాడు. చివరికి జీవానందం గారే చెయ్యెత్తి, "జీవానందం, ప్రధానోపాధ్యాయుడు. ఖాళీ పేజీ పంపింది నేను," అన్నాడు. అదీ పుస్తకంలోకి ఎక్కింది.

పావుగంట పోయింది. వ్యాను రాలేదు.

అసలు సంగతిలోకి వచ్చారు. సాహిరా ముందు హెడ్మాస్టరునే మాట్లాడమంది. ఆయన దాచుకోకుండా చెప్పాడు. అక్కడ సబ్జెక్టుకొక టీచరు ఉన్నారు, సైన్సు గది ఉంది. ఇక్కడ ఎనిమిది తరగతులకు ముగ్గురే.

"అది నిజమే," షారన్ తన వంతులో అంది. "కానీ పోయేదెట్టా? ఆ రోడ్డు నిండా ఐసు లారీలే. నేనే బండి మీద పోవాలంటే భయపడతా."

ఎప్పుడూ నోరు విప్పని ఒక తల్లి వంతు వచ్చింది. కాసేపు చాప పీచు లాగుతూ కూర్చుంది. ఎవరూ తొందరపెట్టలేదు.

"పోయిన సంవత్సరం ఎనిమిది పాసై తొమ్మిదిమంది ఆడపిల్లలు ఆ హైస్కూలుకి పోయినారు," అంది మెల్లగా. "ఇప్పుడు పోతా ఉండేది నలుగురు. మిగతా అయిదుగురిలో నా కూతురు ఒకటి. నాతో పాటు ప్లాంటుకి వస్తా ఉండాది."

ఆ మాట మైకులో గంటసేపు చెప్పిన ఉపన్యాసం కన్నా బరువుగా పడింది. నరేంద్రబాబు వంతు వచ్చినప్పుడు ఆయన కండువా తీసి ఒళ్ళో పెట్టుకుని, "నాకు ఈ లెక్క తెలియదమ్మా. నేను చెప్పేదేమీ లేదు," అన్నాడు. ఆయన జీవితంలో అంత చిన్న ప్రసంగం అదే.

"పైనుంచి వచ్చిన కాగితంలో బస్సు మాట ఉండాదా సార్?" కరుణాకుమారి అడిగింది.

"లేదమ్మా."

"అయితే మనం ఊరికే వద్దంటే చాలదు. ఏం కావాలో రాద్దాం."

రాశారు. పన్నెండో తేదీ తీర్మానం రద్దు. పిల్లలు పోయి రావడానికి బండి ఏర్పాటు అయ్యేవరకు మూడు తరగతులూ మొగలిదిబ్బలోనే ఉండాలి. రేపు పది గంటలకు కాగితం పట్టుకుని మండలం ఆఫీసుకి జీవానందం గారు, కరుణాకుమారి, నరేంద్రబాబు వెళ్ళాలి. ఇకమీద పుస్తకం బడి గేటు దాటి పోకూడదు. ఈ చివరిది చెప్పింది హెడ్మాస్టరే.

సాహిరా మొత్తం గట్టిగా చదివింది. ఒక మాట అర్థం కాలేదంటే మార్చి, మళ్ళీ చదివింది. తర్వాత పుస్తకం గుండ్రంగా తిరిగింది. ఒక్కొక్కరు తమ పేరు తాము రాసుకున్నారు. కరుణాకుమారి రాసి, తన పేరు వైపు కాసేపు చూసుకుంది.

"ఇన్నాళ్ళకి ఏం పెడతా ఉండానో తెలిసి పెడతా ఉండా," అంది.

పుస్తకం తిరిగి సాహిరా దగ్గరికి వచ్చింది. ఆమె సంతకంతో ఏడు.

ఎండ గోడ మీదినుంచి దిగిపోయింది. వ్యాను జాడ లేదు. ప్లాంటులో పనిచేసేటప్పుడు ఫోన్లు బయటే పెట్టేయాలి. చెంగమ్మకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

"లోడు వచ్చుంటాది. ఒక్కోసారి ఏడు దాకా వదలరు," కరుణాకుమారి గొణిగింది.

చిన్నపోలయ్య ముందుకు జరిగాడు. "దానికేముంది సాహిరమ్మా! మా ఆడది వచ్చినా ఇదే గదా అనేది? ఇటివ్వు, నేను పెడతా. పిల్లల మంచికే గదా."

చాపల మీద చాలా తలలు ఊగాయి. ఒక్క సంతకం. రేపు పొద్దున పది గంటలు. షబీనా మెట్ల మీదినుంచి తల్లి చేతిలోని పెన్ను వైపే చూస్తోంది.

సాహిరాకి ఆ క్షణం నిజంగా కష్టంగా ఉంది. ఎవరూ అడగరు. ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఎనిమిది పూర్తవుతుంది, బిడ్డ బడి నిలబడుతుంది.

ఆమె పెన్నుకి మూత పెట్టింది.

"వద్దు పోలన్నా. చెంగమ్మ చదవలా, వినలా. ఆమె సంతకం ఆమే పెట్టాల."

"ఒక్కదానికోసం అంతా పాడు చేసుకుంటావా?" ఎవరో విసుక్కున్నారు.

"పోలన్నా," సైఫుల్లా అన్నాడు. చిన్నపోలయ్య భుజం మీద చెయ్యి వేసి వెనక్కి లాగాడు. "ఆ పని నేను చేసి చూసినా. ఇంట్లో రెండు రోజులు అన్నం దిగలా. వద్దు." తర్వాత సాహిరా వైపు తిరిగాడు. "ప్లాంటు ఆరు కిలోమీటర్లు. నేను పోయి పిలుచుకోనొస్తా. అక్కడ ఇంచార్జి కాళ్ళు పట్టుకోనైనా."

అప్పుడే మసీదునుంచి అజా మొదలైంది.

నమాజుకు పోవాలా అన్నట్టు సైఫుల్లా ఒక్క అడుగు ఆగాడు. షాజాదీ బేగం మెట్ల మీదినుంచే, "నువ్వు పో అబ్బయా. అల్లా చూస్తానే ఉండాడు," అంది. బండి గేటు దాటి దుమ్ము లేపుకుంటూ పోయింది.

అజా అయిపోయేవరకు సాహిరా కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుంది. అయిపోయాక గొంతు సవరించుకుంది. "చెప్పిన టైమైపోయింది. లేవాల్సినవాళ్ళు లేవండి. మాట మాటే."

పదకొండేళ్ళుగా ఆ మాట అన్న మరునిమిషం చాపలు ఖాళీ అయ్యేవి. ఇవాళ ఒక్కరు కూడా కదల్లేదు. బియ్యం నానబెట్టి వచ్చిన షారన్ కూడా కదల్లేదు.

"ఎవురూ లేవబాకండి!" షాజాదీ బేగం గోడ పట్టుకుని నిలబడింది. "నా కోడలు పెట్టిన మీటింగు ఇది. మధ్యలో లేచిపోయేదేంది?"

సాహిరా అత్తగారి వైపు చూసింది. నిన్న రాత్రి వీధిలోకి పోబాక అన్నది ఈ మనిషే. ఇప్పుడు గుడ్డి వెలుతురులో నల్లద్దాలతో, వరండాకంతటికీ తనే కాపలా అన్నట్టు నిలబడి ఉంది. సాహిరాకి గుండె నిండిపోయింది. తన గురించి మాత్రమే కాదు. ఈ చాపల గురించి, ఈ ముడతల చేతుల గురించి, పేరు చెప్పి తప్పు ఒప్పుకున్న మనిషి గురించి.

జీవానందం గారు వరండా లైటు వేశారు. పుస్తకం మధ్యలో తెరిచే ఉంది. ఏడు సంతకాల కింద ఒక గీత ఖాళీ.

అరగంట గడిచింది. దూరంగా గుంటల గట్టు మీద ఒక బండి లైటు కనబడింది. అది సైఫుల్లా బండేనని చప్పుడును బట్టి షబీనా ముందే చెప్పేసింది. అందరూ లేచి గేటు వైపు తొంగి చూశారు.

లైటు నేరుగా కళ్ళలో కొడుతోంది. బండి మీద వస్తున్నది ఒకరో ఇద్దరో తెలియడం లేదు.

సాహిరా లేవలేదు. పెన్ను మూత తీసి, ఖాళీ గీత పక్కన పెట్టి కూర్చుంది.